పొంగిన పాల మరక

మాడిన పాల వాసన.

గుమ్మంలో చెప్పులు విడిచేలోపే ముక్కుకు తగిలింది. తీపి కాదు, చేదు కాదు — రెండూ కలిసి గొంతులో గీరుకునే వాసన.

తోరణం ఇంకా వాడలేదు. మూడు రోజులే కదా.

మూడు రోజుల కింద ఈ ఇంట్లో పాలు పొంగించారు. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కన, నాలుగో అంతస్తులో, తమ్ముడు బాలకిషన్ కొన్న కొత్త ఫ్లాటు. ఛత్రినాక నుంచి గల్లీకి గల్లీ కదిలి వచ్చింది. గల్లీ చివర పూలమ్మే ఆమె కూడా వచ్చి, తిని పోయింది.

కైలాసాన్ని పిలవలేదు.

సొంత అన్నను.

ఇవాళ పిలిచారు... మరక తుడవడానికి.

ఫోన్ చేసింది మరదలు రశ్మి. "బావా, పొంగిన పాలు స్టవ్ అద్దం మీద మాడినయి. ఎంత రుద్దినా పోతలేవు. మీకైతే తెలుస్తదని..."

మీకైతే తెలుస్తదని. పొద్దటి నుంచి ఆ మాట చెవి దగ్గర దోమలా తిరుగుతోంది. అన్న అని పిలిచారా? స్టవ్‌లు బాగుచేసేవాడని పిలిచారా?

పోనన్నాడు. సంచి సర్దుకున్నాడు. మళ్లీ పోనన్నాడు.

"పిలువకుంటె ఎందుకు పిలువలేదని లొల్లి, పిలిస్తె ఎందుకు పిలిచిన్రని లొల్లి," అంది భార్య లలితమ్మ. "నీ కడుపుల పొయ్యి ఎన్నడన్న ఆరుతదా?"

ఆరదు.

వంటింట్లో నల్లటి అద్దం. గాలి లేని కుంటలా. అందులో కిటికీ, కిటికీలో శ్రావణ మబ్బులు — కురవవు, కదలవు. మబ్బుల నడుమ, బర్నర్ చుట్టూ, మరక. గోధుమ రంగు. అంచుల్లో పసుపు, కుంకుమ. ఎండిన చెరువు గట్టులా పొర మీద పొర.

"పొంగిన నాడే తుడువద్దా అమ్మా?"

"అత్తమ్మ చెప్పేది కద బావా. పొంగిన పాలు మూడొద్దులు ముట్టద్దు, తుడిస్తె ఇంట్ల లక్ష్మి తుడుసుకపోతదని."

నిజమే. అమ్మ మాటే.

కానీ అమ్మది మట్టి పొయ్యి. మట్టి పాలను తాగేస్తుంది. అద్దం తాగదు. అద్దం అన్నీ పైనే పెట్టుకుని కూర్చుంటుంది. మూడు రోజులు ఆ పాల పక్కనే వండారు, ఆ మంటకే పాలు రాయయ్యాయి.

"మరి గీ గీతలేంది?"

"ఇనుప పీచు పెట్టి రుద్దిన బావా."

కైలాసం కళ్లు మూసుకున్నాడు. పీచు తన చర్మం మీద గీసినట్టయింది.

అరచెయ్యి ఆనించి చూశాడు. అద్దం ఇంకా వేడిగా ఉంది. ఆగాడు.

ఆరో తరగతిలో పలక పారేసి అఫ్జల్‌గంజ్‌లో స్టవ్‌ల దుకాణంలో చేరిన నాడు, ఉస్తాద్ మహబూబ్ భాయ్ చెప్పిన మొదటి ముక్క — "గరం చీజ్ కో పానీ నక్కో దిఖా మియా. పైలే ఠండా హోనే దే." వేడి వస్తువుకు నీళ్లు చూపించకు, ముందు చల్లారనీ. వేడి అద్దం మీద తడిగుడ్డ వేశావా... ఠప్. ముక్కలు.

స్టవ్‌ల దగ్గర నేర్చుకున్నాడు. మనుషుల దగ్గర నేర్చుకోలేదు.

ఆరేళ్ల కింద. బోనాల నాడు. బాలకిషన్ ఆఫీసు దోస్తులను ఇంటికి తెచ్చాడు. గడప దగ్గర మసి చేతులతో కూర్చున్న కైలాసాన్ని చూపించి, "మా గల్లీల స్టవ్ మెకానిక్" అన్నాడు.

మెకానిక్.

అన్న అనలేదు.

గల్లీ నిండా డప్పులు. అన్ని డప్పుల మీదుగా కైలాసం కొట్టిన చెంపదెబ్బ వినబడింది. ఆ తర్వాత ఆరేళ్లు ఏమీ వినబడలేదు.

అద్దం చల్లారింది.

గోరువెచ్చని నీళ్లలో నూలుగుడ్డ ముంచి, పిండి, మరక మీద పరిచాడు. వంటసోడా చల్లాడు. సిర్కా, అదే వెనిగర్, చుక్కలు చిలకరించాడు. నురగ లేచింది. ఇక ఆగాలి... ఆగడమే కష్టం. కాలు మార్చి కాలు మీద నిలబడ్డాడు. సంచిలోంచి బ్లేడు తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.

బ్లేడును పడుకోబెట్టాలి. నిలబెడితే గీత పడుతుంది.

పొర లేచింది. ఇంకో పొర. మబ్బు అంచు తేలింది. ఇంకో పొర. మబ్బు మొత్తం తేలింది. పొడిగుడ్డతో తుడిచాడు. గీతలు మాత్రం మిగిలాయి, మబ్బులో సన్నటి మెరుపుల్లా.

"గివి పోవమ్మా. గివి గంతే."

తలుపు తెరుచుకుంది. బాలకిషన్. కణతల దగ్గర జుట్టు నెరిసింది. ఎప్పుడు నెరిసింది?

"వచ్చినవా," అన్నాడు.

కైలాసం ఆ మాట వెనక ఇంకో మాట కోసం చూశాడు. రాలేదు.

రశ్మి ఆగమాగంగా గిన్నెలో పాలు పోసి స్టవ్ మీద పెట్టింది. "చాయ్ తాగి పోండి బావా."

అప్పుడే ఎదురు ఫ్లాటు షౌకత్ బీ, తెరిచిన తలుపులోంచి లోపలికి వచ్చింది. స్టవ్ చూసింది. "అరె వా! షీషా చమక్ గయా! అద్దం మెరుస్తున్నదే! కిషన్ బేటా, ఎవరు ఈయన? స్టవ్‌వాలానా? మా ఇంటికి గూడ పంపు!"

రశ్మి భర్త వైపు చూసింది. కైలాసం అద్దం వైపు చూశాడు. అద్దంలో తమ్ముడి ముఖం తలకిందులుగా, మబ్బుల్లో.

పాలు మీగడ కట్టాయి. మీగడ వణికింది.

బాలకిషన్ పెదవులు విడివడ్డాయి.

"బావా, పాలు!"

కైలాసం వేళ్లు నాబ్ మీదికి పోయాయి. ముప్పై ఐదేళ్లుగా ఇంటింటికీ తిరిగి పాలు పొంగనీయకండమ్మా అని చెప్పిన మనిషి. తిప్పలేదు.

"పొంగనీ," అన్నాడు బాలకిషన్.

ఎవరితో అన్నాడు? రశ్మితోనా... షౌకత్ బీకి జవాబా... లేక ఆ రోజు పిలవని అన్నతోనా —

తెల్లగా లేచి, అంచు దాటి, గీతల మీదికి, మబ్బుల మీదికి —

సుయ్య్...

పాల వాసన. ఇంకా మాడలేదు.

కైలాసం గుడ్డ అందుకున్నాడు. తుడవలేదు. గుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డాడు — మాడేలోపు 'అన్న' అనే ఇంకొక్క మాట వస్తుందేమోనని.