తీరిన అప్పుకి సాక్ష్యం

ప్రశ్నలు వేసి నన్ను తికమకపెట్టగల ఆఫీసరు సింగపూరులో ఇంకా పుట్టలేదు. షిప్‌యార్డులో పనిచేసిన రోజుల్లో ఈ భద్రయ్య గొంతెత్తితే క్రేను దానంతటదే ఆగిపోయేది. నమ్మకపోతే మీ ఇష్టం.

ఈ ఏడాది నా వాచ్‌మన్ ఉద్యోగం పోయింది. మోకాళ్లు మొరాయించేవాణ్ణి గేటు దగ్గర ఎవరు నిలబెడతారు? నా భార్య తారాదేవికి డయాలిసిస్. ఆమెను తీసుకెళ్లడం, తీసుకురావడం, మళ్లీ తీసుకెళ్లడం. ఈ మధ్య నాకు నిద్రపోవడం కూడా ఒక పనిలాగే ఉంటోంది. బ్యాంకులో ఉన్నది ఆరువేల డాలర్లు. అందులో అయిదువేలు విశ్వేశ్వరరావువి. తారాదేవిని మొదటిసారి ఆసుపత్రిలో చేర్చినప్పుడు ప్రోనోటు రాయించుకుని ఇచ్చాడు. టోవా పాయో పేటలో మా బ్లాకులోనే ఉంటాడు, ఒంటరివాడు.

ప్రభుత్వ సాయానికి అర్జీ పెడదామనుకున్నాం.

"నెత్తిన అప్పు పెట్టుకుని ఇంకొకరి ముందు చెయ్యి చాపుతారా?" అంది తారాదేవి. "ముందు విశ్వం అన్నయ్యది తీర్చండి. అదీ గురువారమే. శుక్రవారం ఇంట్లోంచి డబ్బు బయటికి పోకూడదు."

గురువారం బ్యాంకులో డబ్బు తీసి విశ్వం చేతిలో పెట్టాను. అప్పు తీరితే మనవాళ్లేం చేస్తారు? ప్రోనోటు ఎదురుగానే చింపేస్తారు. అతనూ చింపాడు. కారిడార్‌లో గాలికి లేచిన ఒక ముక్కని మైనా ఎత్తుకుపోయి గూట్లో పరుచుకుంది. శుక్రవారం అర్జీ పెట్టాను.

తర్వాతి వారం ఆఫీసుకి పిలిచారు. అక్కడ నిఖిల అనే అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల.

"అంకుల్, అప్లికేషన్ ముందురోజే ఫైవ్ థౌజండ్ క్యాష్ తీశారు. ఎక్కడుంది?"

"అప్పు తీర్చానమ్మా."

"ప్రూఫ్?"

"చింపేశాం."

"చింపేశారా? వై లా, అంకుల్!" అని ఇక్కడి యాసలో అంటూ తల పట్టుకుంది. "సేవింగ్స్‌తో అప్పు కడితే తప్పు కాదు. కానీ కట్టినట్టు తెలియాలి కదా? దాచేసి లేదంటున్నారేమో అని పైవాళ్లు అడుగుతారు. తీసుకున్న అంకుల్ వచ్చి చెప్తే చాలు."

"మైనా సాక్ష్యం చెల్లదా తల్లీ?"

నవ్వలేదు. రెండు ప్రశ్నలకే చిత్తయిపోయాను. మొదట్లో కొట్టుకున్న నా డప్పు ఉంది చూశారూ, దాన్ని ఇక్కడ దించేస్తున్నా. బరువుగా కూడా ఉంది.

సాయంత్రం బ్లాకు కింద కోపీ కొట్లో, కాఫీని ఇక్కడ అలాగే అంటారు, విశ్వాన్ని అడిగాను. "రేపు ఆఫీసుకొచ్చి ఒక్క మాట చెప్పరా."

అతను గ్లాసుని బల్ల మీద గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు.

"నాకూ నెలనెలా అక్కడి సాయమేరా. చేతిలో ఏమీ లేదని చెప్పి తీసుకుంటున్నా. నీకిచ్చింది ఎలాగూ తిరిగిరాదనుకుని ఆ సంగతి ఎత్తలేదు. నువ్వు తీరుస్తావని కలగన్నానా? ఇప్పుడు అయిదువేలున్నాయని తెలిస్తే నాది ఆపేస్తారు."

క్రేన్లని ఆపిన గొంతుని బాగా తగ్గించాను.

"అయితే వద్దులే" అన్నాను.

"మరి చెల్లెమ్మ డయాలిసిస్?"

"ఏదో చూస్తా."

"ఏం చూస్తావు, నీ బొంద! పొద్దున్నే తయారుగా ఉండు" అని నవ్వాడు.

మర్నాడు నిఖిల ముందు కూర్చుని, బియ్యం డబ్బాలోంచి తెచ్చిన నోట్లకట్ట బల్ల మీద పెట్టాడు. "వీడు నాకిచ్చింది ఇదేనమ్మా. ఇంకా ముట్టుకోలేదు."

నిఖిల కట్టకేసి చూసింది, కంప్యూటర్‌లో అతని పేరు చూసింది. "అంకుల్, మీ కేసు కూడా మళ్లీ చూడాలి. సారీ."

"చూడమ్మా. నీ పని అదే కదా."

నాకు సాయం మంజూరైంది. విశ్వానికి ఆపేశారు. ఆ డబ్బు ఖర్చయ్యాక మళ్లీ రమ్మన్నారు. డబ్బు త్వరగా కరిగిపోకుండా మధ్యాహ్నం మా ఇంట్లోనే తింటున్నాడు. తారాదేవికి ఉప్పు పనికిరాదు కాబట్టి మా అందరికీ చప్పిడే.

"ఒరేయ్, ఇది పప్పా, చెయ్యి కడిగిన నీళ్లా?" అని రోజూ తిడతాడు. తిట్టి, రెండోసారి వడ్డించుకుంటాడు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. మైనా కాదు, మైనా నిజం. ఆ సాయంత్రం కోపీ కొట్లో విశ్వం నవ్వాడన్నాను కదా, నవ్వలేదు. తయారుగా ఉండమన్నాడు, సగం కోపీ వదిలేశాడు, గోడ పట్టుకుంటూ లిఫ్టు వైపు నడిచాడు.