సరళ కొలిచిన సున్నా

అనంతపురం శివార్లలోని ఒక విశ్వవిద్యాలయంలో సరళ నాలుగేళ్లుగా ఒకే పని చేస్తోంది. గ్రాఫైటు ముక్క నుంచి ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ పొరను టేపుతో ఊడదీస్తుంది. దాని మీద రెండో పొరను ఒక డిగ్రీ కంటే కాస్త ఎక్కువ తిప్పి పరుస్తుంది. ఆ కోణం కుదిరి, బాగా చల్లబరిస్తే, పొరల్లోని ఎలక్ట్రాన్లు ఒక స్థితిలో కదలకుండా నిలిచిపోతాయి. మరో స్థితిలో ఏ నిరోధమూ లేకుండా పారుతాయి.

అలా చేసిన ముప్పై ఏడు నమూనాలు పాడయ్యాయి. మార్చిలో ముప్పై ఎనిమిదోది నిరోధం సున్నా చూపించింది.

గైడు హరినాథ్ తెర ముందు చాలాసేపు నిలబడ్డారు. "వచ్చిందమ్మా," అన్నారు. ఆ సాయంత్రమే ఒక సదస్సుకు పరిశోధన సారాంశం పంపారు.

మర్నాడు సరళ నమూనా మీద అయస్కాంత క్షేత్రాన్ని పెంచింది. నిరోధం నిజంగానే పోయి ఉంటే, క్షేత్రం బలపడ్డాక అది తిరిగి రావాలి. రాలేదు. ఇంకా పెంచింది. సున్నా కదల్లేదు. ఆమె మధ్యాహ్నం భోజనానికి వెళ్లకుండా హరినాథ్ గదికి వెళ్లింది.

"సార్, ఎంత పెంచినా సున్నాలోనే ఉండాది. యాడో కొలిచే తీగలు రెండు ఒకదానికొకటి తగులుకున్నట్టుండాయి."

"చల్లబరిచే పెట్టె తెరిచి చూసినావా?"

"ఇంకా లేదు సార్."

"తెరిస్తే నమూనా పోవచ్చు. తెలుసు కదా?"

"తెలుసు సార్."

ఆయన చేతిలోని కాగితాలు పక్కన పెట్టారు. "తెరువు," అన్నారు.

నమూనాకు వెంట్రుక కన్నా సన్నటి బంగారు తీగలు అతికించింది టెక్నీషియన్ కుళ్లాయప్ప. పదహారేళ్లుగా అదే పని. అతనే తెరిచి మైక్రోస్కోపులో చూశాడు.

"నేను పెట్టిన తీగేనమ్మా. చల్లబడేటప్పుడు వంగి పక్కదాన్ని తాకింది. సార్‌తో నేనే చెప్తా."

"లోపల పెట్టకముందు నేనూ చూసుకోలేదన్నా. ఇద్దరం పోదాం పా."

హరినాథ్ ఎవరినీ తప్పుపట్టలేదు. సారాంశాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు సదస్సు వాళ్లకు రెండు వాక్యాలు రాశారు. కారణం దాచలేదు.

తీగ సరిచేసి మళ్లీ చల్లబరిచారు. నమూనా బతికే ఉంది. ఈసారి నిరోధం పడిపోలేదు. పొరల్లో ఎలక్ట్రాన్ల సంఖ్య ఒక లెక్కకు చేరినప్పుడు నిరోధం బాగా పెరిగింది. అక్కడ ఎలక్ట్రాన్లు నిలిచిపోయాయన్నమాట. వేరే దేశాల్లో ఇదివరకే చూసిన సంగతే. ఈ ల్యాబులో మాత్రం మొదటిసారి. సరళ మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ గ్రాఫులో అదే గీత వచ్చింది.

"ఇది నమ్మొచ్చామ్మా?" కుళ్లాయప్ప అడిగాడు.

"ఇంకో నమూనాలో కూడా వస్తే నమ్ముదాం అన్నా," అంది సరళ.