బెంజ్ సర్కిల్ దగ్గర ఇరవై ఒకటో రోజు

ఇవాళొక్క రోజు గడిస్తే చాలు, ఇరవై ఒక్క రోజులు నిండితే అలవాటు మారిపోయినట్టేనని నూట పద్నాలుగో పేజీలో ఉంది, కింద గీత కూడా గీసుకున్నాను, పుస్తకం ఈ స్కూటర్ సీటు కిందే ఉంది, ఇది ఆరోది, ముందు కొన్న ఐదూ తెల్లవారుజామున లేవమనీ చన్నీళ్ళు పోసుకోమనీ చెప్పేవి, నేను లేవనూ లేదు పోసుకోనూ లేదు, పుస్తకాలు మారుతున్నాయిగానీ మీరు మారట్లేదండీ అని మా ఆవిడ శ్రీదుర్గ ఒకటే నవ్వు, నవ్వనీ, సాయంత్రం చెబుతాను దాని పని, యాభై రెండేళ్ళ వాడికి పరీక్ష హాల్లోకి పోతున్నట్టు గుండె ఇలా కొట్టుకోవడమేమిటి, భలేగా ఉంది, వెనక సీట్లో మా అమ్మాయి సాయిశ్రీ కూర్చుంది, దీని కోసమే కదా ఇదంతా.

నా రోగమేమిటంటే ఎదుటివాళ్ళ మాట నేనే పూర్తి చేసేస్తాను, రోగమని ఇప్పుడంటున్నాగానీ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళుగా స్పేర్ పార్టులు అమ్మేవాడికి అది అన్నం పెట్టిన విద్య, మెకానిక్ నోట్లోంచి క్లచ్చు అన్న మాట రాకముందే ప్లేటు బల్ల మీద పడాలి, లేకపోతే పక్క కొట్టుకి పోతాడు, కోటేశ్వరరావు దగ్గర నోరు తెరిస్తే చాలని పేరు, ఆ పేరుకి ఎంత పొంగిపోయానో, ఆ నోరే ఇంటికీ తెచ్చుకున్నాను, ఇంట్లో సాయికేమో చిన్నప్పటి నుంచీ మాట తడబడుతుంది, కళ్ళు మూసుకుని మెడ బిగబట్టి అవస్థ పడుతుంటే చూడలేక నేనే అనేసేవాణ్ణి, సాయం చేస్తున్నాననే అనుకున్నాను దేవుడా, నెల కిందట శ్రీదుర్గ వంటింట్లోంచి, అది మీతో నోరు విప్పి రెండేళ్ళయింది, చూసుకున్నారా అంది, నిజమే, అన్నీ ఫోన్లో మెసేజీలే, పక్క గదిలోంచి కూడా, నాన్నా పాలు తెండి, నాన్నా రీఛార్జ్ చెయ్యండి, ఆ రోజు అన్నం సహించలేదు, మర్నాడే పోయి ఈ పుస్తకం కొన్నాను.

పాత అలవాటు తన్నుకొచ్చినప్పుడు చేతిలో ఏదో ఒకటి నొక్కమన్నాడు ఇందులో, నేను నట్టు ఒకటి జేబులో వేసుకున్నాను, కౌంటర్ దగ్గర నొక్కీ నొక్కీ వేలి మీద దాని ముద్ర పడింది, మొన్న మెకానిక్ జయపాల్ వచ్చి బ్రేకు అని ఆగాడు, నేనూ ఆగాను, ఏంటన్నా, ఒంట్లో బాలేదా, చెప్పకుండానే ఇచ్చేవోడివి కదా అన్నాడు, నవ్వొచ్చింది, నవ్వుతూనే నట్టు నొక్కాను, ఇరవై రోజులు గెలిచాను, గెలిచినవన్నీ జయపాల్‌ల మీదే, సాయి నాతో మాట్లాడితే కదా అసలు పరీక్ష, ఇదిగో బెంజ్ సర్కిల్, ఎర్ర లైటు, ఇంకా తొంభై సెకన్లని అంకె, ఈ పక్క సందులోనే సాఫ్ట్‌వేర్ కోచింగు, ఇంజనీరింగ్ అయిపోయిన పిల్లని ఇవాళ చేర్పించేస్తే ఒక పనైపోతుంది, భుజం మీద చెయ్యి పడింది, నాన్నా, అంది.

అంది, మెసేజీ కాదు, గొంతు, రెండేళ్ళ తర్వాత నా చెవి పక్కనే, నాన్నా, నాకు, అని ఆగిపోయింది, నాకు, అనే ఆగిపోయింది టెన్త్ అయ్యాక మా బావ ఏం చదువుతావమ్మా అన్నప్పుడు కూడా, ఇంకేం చదువుతుంది బావా, ఇంజనీరింగే అన్నాను, అది తలూపింది, ఇప్పుడు అరవై రెండు, నట్టేదీ, దొరికింది, నాకు, నాకు, కోచింగ్ వద్దంటుందా, ఎవరినైనా ప్రేమించిందా, హైదరాబాద్ పోతానంటుందా, మాటలు నాలుక చివర దాకా వచ్చి తోసుకుంటున్నాయి, నోరు మూసుకోరా కోటేశ్వరరావూ, ముప్పై, పద్దెనిమిది, భుజం మీద వేళ్ళు బిగుసుకుంటున్నాయి, నాకు, మ, మ, పచ్చ లైటు పడింది, వెనక హారన్లు, పోనిస్తే దీని మాట తెగిపోతుంది, పోనివ్వను, ఆటోవాడు తల బయటపెట్టి ఏందయ్యా పెద్దాయనా, పచ్చ పడింది కనపడట్లా అని అరిచాడు, ఒక్క నిమిషం బాబూ, మా అమ్మాయి మాట్లాడుతోంది అన్నాను, అంత గట్టిగా ఎలా అన్నానో, ఎంత గర్వంగా అన్నానో, అప్పుడు తడబడుతూనే అంతా చెప్పింది, నాకు మన కొట్లో కూర్చోవాలనుంది నాన్నా, పార్టు నంబర్లన్నీ నాకు నోటికొచ్చు, చిన్నప్పుడు సెలవుల్లో మీ పక్కన కూర్చుని నేర్చుకున్నా, టెన్త్ అప్పుడే చెబుదామనుకున్నా.

మళ్ళీ ఎర్ర లైటు పడింది, ఆటోవాడు తిడుతూనే ఉన్నాడు, తిట్టనీ, కొట్లోనా, మన కొట్లోనా, లక్ష ఊహించాను, ఈ మాట మాత్రం నా ఊహలో లేనే లేదు, నా అరల్లో లేని సరుకు ఇది, గంతెయ్యాలనుంది, ఏడుపూ వస్తోంది, తప్పు పార్టు ఇస్తే ఏ మెకానిక్కైనా సాయంత్రంలోగా తెచ్చి నా మొహాన కొడతాడు, నా కూతురు మాత్రం ఇన్నేళ్ళూ నేనిచ్చిన ప్రతి తప్పు మాటనీ ఒక్కసారి కూడా తిరిగివ్వకుండా మోసింది.