ఎడమచేతి లీవరు

నర్సీపట్నంలో క్లచ్ పనికి ఈశ్వరరావు పెట్టింది పేరు. చింతపల్లి రోడ్డు పక్కన షెడ్డు. ఘాట్ ఎక్కి దిగే బళ్ళన్నీ తన గుమ్మం ముందే ఆగాలని బ్రహ్మ రాసిపెట్టాడన్నట్టు మాట్లాడేవాడు. పని మంచిదే, ఒక్కటే పొగరు. బండి తెచ్చినవాణ్ణి నోరు విప్పనివ్వడు. "ఏటయిందో నువ్వు సెప్పకు. బండే సెప్తాది. మడిసి అబద్ధమాడతాడు గానీ బండి ఆడదు" అనేవాడు.

అలాంటివాడి పరువు తియ్యడానికే పుట్టినట్టు వచ్చింది ఆ పసుపుపచ్చ బండి. మేకపిల్లంత ఉంటుంది. మట్టిలో గెంతించే పిల్లల రేసుబండి. గొలుగొండ జీడిపిక్కల వ్యాపారి రాజుబాబు తన ఏడేళ్ళ కూతురు వెంకటదుర్గ ముచ్చటపడిందని వైజాగ్‌లో కొన్నాడు. దానికి చేత్తో పట్టే క్లచ్ ఉండదు. ఇంజన్ కడుపులోనే చిన్న షూలు స్ప్రింగులతో బిగించి ఉంటాయి. ఎక్సలేటర్ తిప్పితే అవే విచ్చుకుని చక్రాన్ని తిప్పే డ్రమ్ముని పట్టుకుంటాయి, బండి కదులుతుంది. తగ్గిస్తే అవే వదిలేస్తాయి. పసిపిల్లలు తోలుకోవడానికి చేసిన ఏర్పాటు.

బండి కొనీ కొనకముందే ఆ షూలు మాడిపోయాయి. ఈశ్వరరావు కొత్తవి వేశాడు. అవీ మాడాయి. రెండోసారి బండి దించుతూ రాజుబాబు ఏదో చెప్పబోతే, "ఉండండి బాబూ, నాకు తెల్దా ఏటి" అని ఆపేసి, ఈసారి గట్టి స్ప్రింగులు బిగించాడు. గట్టి స్ప్రింగులుంటే ఇంజన్ బాగా వేగమందుకున్నాకే షూలు పడతాయి. పట్టాయంటే మాత్రం ఉడుంపట్టే.

"ఇంక మాడితే నా మీసం తీసీసుకుంటాను" అన్నాడు.

"అయితే మీరే వచ్చి సూడండి మేస్త్రీ గారూ. మాయమ్మ నిమ్మకాయ కూడా పెడతానంటంది" అని రాజుబాబు అతన్ని తన తోటకి తీసుకెళ్ళాడు.

జీడిమామిడి చెట్ల మధ్య మట్టి చదును చేసి దారి వేశారు. దారి వంపు తిరిగేచోట, ఎదురుగా నేలబావి. చుట్టూ గోడ లేదు. పిల్ల వంపు తిరిగిపోతుంది కదా అని ఎవరూ కంచె మాట ఎత్తలేదు. రాజుబాబు తల్లి అప్పయమ్మ ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి, మనవరాలికి దిష్టి తీసి పక్కకి జరిగింది. హెల్మెట్‌లో మునిగిపోయిన దుర్గ కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. ఈశ్వరరావు మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు.

"అమ్మలూ, నేర్పింది గుర్తుంది కదా. ఎడంసేత్తో క్లచ్ నొక్కి పట్టుకో" అన్నాడు రాజుబాబు.

ఈశ్వరరావు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

పిల్ల ఎడమచేతి లీవరు నొక్కింది. ఆ బండికి అది వెనక బ్రేకు. పెద్ద బండికి అక్కడ ఉండేది క్లచ్చే కాబట్టి రాజుబాబు తనకి తెలిసిన పద్ధతే కూతురికీ నేర్పాడు. బ్రేకు పట్టి ఇంజన్‌ని ఉరికిస్తే షూలు మాడక ఏం చేస్తాయి? పైగా ఇప్పుడు లోపల ఉన్నవి ఈశ్వరరావు వేసిన గట్టి స్ప్రింగులు. బ్రేకు వదిలిందంటే బండి ఒక్కసారిగా దూసుకుపోతుంది.

"ఎక్సలేటర్ తిప్పు. ఇంకా తిప్పు తల్లీ."

ఈశ్వరరావు ఆపమని చెప్పబోయాడు. అంతలోనే రాజుబాబు అందుకున్నాడు.

"ఇప్పుడు క్లచ్ ఒగ్గీ."

పిల్ల లీవరు వదిలేసింది. నిమ్మకాయ చితికి, బండి ఎవరో విసిరేసినట్టు పోయింది. వంపు దగ్గర తిరగలేదు. తిన్నగా బావి వైపే. భయానికి బిగుసుకున్న కుడిచెయ్యి ఎక్సలేటర్‌ని వదలడం లేదు.

"క్లచ్ నొక్కు, క్లచ్ నొక్కు" అని రాజుబాబు అరిచాడు.

నొక్కింది. వెనక చక్రం ఎండాకుల మీద జారి, జారి, ఆగింది. ముందు చక్రం సగం బావి మీద ఉంది. దాని కింద మట్టిపెళ్ళ ఊడి నీళ్ళలో పడిన చప్పుడు వినపడింది. ఇంజన్ అరుస్తూనే ఉంది, షూలు మాడి పొగ వస్తోంది. పిల్ల కుడిచెయ్యి బండిని తోస్తోంది, ఎడమచెయ్యి ఆపుతోంది. ఆ ఎడమచేతి వేళ్ళు సడలితే అంతే సంగతులు.

"ఒగ్గీ తల్లీ, అన్నీ ఒగ్గీసి దూ..."

మాట పూర్తి కాకుండానే ఈశ్వరరావు రాజుబాబు నోరు అరచేత్తో నొక్కేశాడు. ఎంతోమంది నోళ్ళు మూయించాడు గానీ, ఇలా చెయ్యి అడ్డం పెట్టడం ఇదే మొదలు.

"అమ్మలూ, ఒగ్గకు. ఎడంసెయ్యి అలాగే నొక్కి ఉంచు. నేనొస్తన్నాను" అంటూ నడిచాడు. పరిగెడితే పిల్ల బెదురుతుంది. దగ్గరికెళ్ళి ఒక చేత్తో పిల్ల నడుం పట్టుకుని, రెండో చేత్తో ఇంజన్ ఆపే ఎర్ర బటన్ నొక్కాడు. అప్పుడు రాజుబాబూ వచ్చి చెయ్యి వేస్తే, ఇద్దరూ కలిసి బండిని పిల్లతో సహా వెనక్కి లాగారు.

రాజుబాబు నేలమీద కూలబడ్డాడు. "క్లచ్ నొక్కమన్నాను కాబట్టి నా తల్లి బతికింది, సూసారా" అన్నాడు.

"అది క్లచ్ కాదు బాబూ, బ్రేకు. ఈ బండికి సేతి క్లచ్చే లేదు."

రాజుబాబు మొహంలో నెత్తుటి చుక్క లేదు. "క్లచ్ పట్టడం పిల్లకి నేర్పతన్నాను, దానివల్ల మాడతందేమోనని ఆ రోజు షెడ్డులో అడగబోయానండీ. మీరు సెప్పనిచ్చారు కారు."

పిల్ల ఇంకా బండి మీదే ఉంది. ఎడమచేతి వేళ్ళు లీవరు మీద బిగుసుకుపోయి ఉన్నాయి. ఈశ్వరరావు వంగి ఒక్కొక్క వేలూ విడదీయబోతే, హెల్మెట్‌లోంచి సన్నగా అడిగింది.

"ఇప్పుడు ఒగ్గీనా?"

అతను వెనక్కి తిరిగి బావి ఎంత దూరముందో చూసుకున్నాడు. అప్పుడు "ఒగ్గీమ్మా" అన్నాడు.