ఇప్పించుకున్నాడు

షెడ్డు తలుపు నెడితే లోపల ఉత్త నేల. ముందురోజు కుట్టుమిషన్లు నిలబెట్టిన చోట ఇనప కాళ్ల గుర్తులు, నూనె మరకలు, నాలుగు దారప్పోగులు. ఆడవాళ్లంతా గుమ్మంలోనే ఆగిపోయారు. కాజాలమ్మ ఒక్కతే వెళ్లి తన మిషను పెట్టిన మూల నిలబడింది. చొక్కాలకి కాజాలు కుట్టీ కుట్టీ ఆమెకి ఆ పేరే మిగిలింది. ఆ మిషను వాళ్లమ్మది, ఇప్పుడు ఇంటిల్లిపాదికీ అదే కూడు. ఏడుద్దామని చూసింది, రాలేదు. 

అసలేం జరిగిందంటే, ఆ వీధిలో ఇంటికో మిషను. కాంట్రాక్టరు కత్తిరించిన బట్ట తెచ్చిస్తాడు, వీళ్లు కుట్టి ఇస్తారు. కూలి పెంచకపోతే కుట్టమని అందరూ ఒక్కమాట మీద నిలబడేసరికి మనిషి వెన్నలా అయిపోయాడు. మీ కాళ్లనొప్పులు చూడలేకపోతున్నా, కంపెనీ ఉచితంగా మోటార్లు బిగిస్తుంది, మిషన్లు వీధి చివరి షెడ్డులో పెట్టండి, రేపు పట్టుకుపోండి అన్నాడు. అక్కా, పిన్నీ, వదినా అని నోరారా పిలిచాడు. వీళ్లు నడుములు పడిపోయేలా మోసుకెళ్లారు. తనూ ఓ చెయ్యి వేశాడు మహానుభావుడు.

ఆ మధ్యాహ్నం కాజాలమ్మ మంచమ్మీద కూర్చుంటే పాదాలు వాటంతటవే ఆడుతున్నాయి, మిషను తొక్కుతున్నట్టు.

"అత్తయ్యా, కాళ్లు ఆపు. నాకు భయమేస్తోంది" అంది కోడలు.

ఆపింది. కాసేపటికి మళ్లీ ఆడాయి.

వీధిలో వాదులాట. వాడి కాళ్లు పట్టుకుందామని ఒకరు, కాళ్లు విరగ్గొడదామని ఇంకొకరు. ముందు స్టేషన్లో మోసం కేసు పెడదాం పదండని కోడలు లేపింది. కాజాలమ్మ అందరితోపాటు నడిచింది, నడుస్తున్నట్టు తెలియకుండానే.

ఎస్సై మర్యాదగానే అడిగాడు, మిషన్లు ఎలా పోయాయని.

"కాంట్రాక్టరుకి ఇచ్చాం బాబూ" అంది కాజాలమ్మ.

ఆ మాట పట్టుకున్నాడాయన. "ఇచ్చారా? మీ చేతుల్తో ఇచ్చాక దొంగతనం ఎలా అవుతుందమ్మా? మోసం అనాలంటే మొదట్నుంచీ వాడికా బుద్ధి ఉండాలి. వాడి మనసులో దూరి చూశారా? మాట తప్పాడు, అంతే. సివిల్ కోర్టుకెళ్లండి."

అందరూ కాజాలమ్మ వంక చూశారు. ఆ ఒక్క మాటతో మిషన్లు రెండోసారి పోయినట్టయింది.

ఆమె చెయ్యి బొడ్లోకి పోయింది. అక్కడ సూదులు గుచ్చుకునే గుడ్డ ఉంది. మిషను మెడకి కట్టుకునేది. ఒకరిది పాత జాకెట్టు ముక్క, ఒకరిది పిల్ల గౌను ముక్క, మిషన్లన్నీ ఒకేలా ఉన్నా ఏది ఎవరిదో ఆ గుడ్డే చెబుతుంది. అందులోని సూది పొద్దుటినుంచీ గుచ్చుకుంటూనే ఉంది కాబోలు, చీరకి రక్తం మరక. ఆమెకి తెలియనే లేదు.

"మోటారుకి అడ్డమని ఇవి విప్పించాడు బాబూ" అంది మెల్లగా. "మోటారు బిగించేది వెనకాల, చక్రం పక్కన. ఇది కట్టేది ఇటు, ముందు. దేనికి అడ్డం? తిరిగిచ్చేవాడైతే ఏది ఎవరిదో తెలియొద్దూ? మేము లోపల పెట్టకముందే గుర్తులు తీయించాడు. ఆ బుద్ధి అప్పుడే ఉంది."

ఎస్సై పెన్ను తీశాడు, మళ్లీ మూత పెట్టాడు. అది రుజువు కాదన్నాడు.

"నేను తప్పు చెప్పాను. ఇచ్చాం కాదు. ఇప్పించుకున్నాడు. అలా రాయండి."

రాసేదాకా కదలమని గుమ్మంలోనే కూర్చున్నారందరూ. కబురు పాకి పక్కవీధుల కుట్టుపనివాళ్లు కూడా వచ్చి బయట నిలబడ్డారు, సూదిగుడ్డలు మణికట్లకి చుట్టుకుని. అదే కాంట్రాక్టరు, అదే మోటారు కబురు వాళ్లకీ చేరిందట. వాళ్ల మిషన్లు మాత్రం ఇంకా ఇళ్లలోనే ఉన్నాయి.

లోపల ఫోను మోగింది. తర్వాత వ్యాను వచ్చింది. దారికి అడ్డంగా కూర్చున్నందుకు అరెస్టన్నారు.

"చూశావా అత్తయ్యా, గుడ్డ తర్వాత మనమే అడ్డం" అంది కోడలు వ్యానెక్కుతూ.

కాజాలమ్మ నవ్వలేదు. బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి ఆమె పాదాలు ఆడాయి. ఈసారి కోడలు ఆపమనలేదు, తన పాదాలూ కలిపింది. పక్కావిడ కలిపింది, ఆ పక్కావిడ కలిపింది. వ్యాను రేకు నేల మిషన్లా మోగడం మొదలెట్టింది. ఆపండని డ్రైవరు అరిచాడు.

కిటికీ జాలీలోంచి కాజాలమ్మ వెనక్కి చూసింది. స్టేషను గుమ్మంలో ఖాళీ అయిన చోట పక్కవీధులవాళ్లు కూర్చుంటున్నారు.