సొరుగు అడుగున చెయ్యి

పర్మిన్ సొరుగు అంచులకు మైనం పట్టిస్తున్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి. వంగిన నడుము, నల్లబడిన గోళ్ళు. జకార్తాకు దూరంగా, క్లాటెన్ ఊళ్ళో ఈ పాత టేకు సామాన్ల గిడ్డంగిలో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అతని పని ఇదే.

ఒకప్పుడు కొనేవాళ్ళు పొద్దున్నే వచ్చేవారు. బీరువా ముందు గొంతుక్కూర్చుని, సొరుగు లాగి వాసన చూసి, అడుగున చెయ్యి పోనిచ్చేవారు. చేత్తో చిత్రిక పట్టిన చెక్క వేళ్ళకు అలలు అలలుగా తగులుతుంది. కంటికి ఆనదు. అలలుంటే పాత సరుకని లెక్క; అవి తగిలాకే బేరం. పర్మిన్‌ని ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఎవరి చేతులు వాళ్ళకుండేవి.

ఇప్పుడు మనుషులు రారు. ఫోను వస్తుంది.

"బాబాయ్, కానీ. జకార్తా ఆవిడ చూస్తానంటోంది," అంది హర్యంతి. పాత యజమాని కూతురు. "ఈ బీరువా పోకపోతే గిడ్డంగి మూతే. నువ్వు నోరు మెదపకు."

"నా నోరు ఎప్పుడు మెదిలిందమ్మా?"

బీరువా పాతదే. చెదలు తిన్న సొరుగులు తీసేసి, పోయిన నెల కొత్తవి చేసింది పర్మినే. తుప్పు మేకులు నానబెట్టిన నీళ్ళు పూసి నల్లబరిచిందీ అతనే. కొత్తవని చెప్పి అమ్ముతారనుకున్నాడు.

"ఎంత బాగుందో!" అంది ఫోను తెర మీంచి ఆవిడ. "మా నాన్నయితే అడుగు తడమందే కొనేవాడు కాదు. పెద్దాయనా, నా బదులు మీరు తడిమి చెప్పండి."

హర్యంతి మొహాన నవ్వు చెదరలేదు.

పర్మిన్ సొరుగు లాగి అడుగున చెయ్యి పెట్టాడు. అటూ ఇటూ జరిపాడు. మళ్ళీ జరిపాడు. పైన రేకుల మీద పిల్లి నడుస్తోంది.

"ఏం పెద్దాయనా, చెయ్యి అతుక్కుపోయిందా?"

హర్యంతి చప్పుడు లేకుండా పెదవులు కదిపింది. 'అలలున్నాయని చెప్పు.'

అతని చేతిని ఇన్నేళ్ళలో ఎవరూ అరువడగలేదు.

"అద్దంలా ఉందమ్మా," అన్నాడు. "మిషను కోత. సొరుగులు కొత్తవి, నేనే చేశాను. మిగతాదంతా పాతదే."

ఆవిడ "మళ్ళీ చేస్తాలెండి," అని ఫోను పెట్టేసింది.

"మా నాన్న ఉంటే నీ చెయ్యి విరిచేవాడు!" అంది హర్యంతి.

"ఆయనుంటే ముందే చెప్పి అమ్మేవారమ్మా."

హర్యంతి విసురుగా లోపలికి వెళ్ళింది. పర్మిన్ మైనం గుడ్డ మడిచి, ఉలులు తుడిచి వరసగా పెట్టాడు.

కొంతసేపటికి ఆమే టీ గ్లాసు తెచ్చింది. మూత పెట్టి ఉంది. బల్ల మీద ఉంచి, నేల చూస్తూ నిలబడింది. ఇచ్చినవాళ్ళు 'తీసుకోండి' అంటే తప్ప గ్లాసు ముట్టరు అక్కడ. వాళ్ళ నాన్న మూటలు మోసేవాళ్ళకు కూడా ఆ మాట అనేవాడు. హర్యంతి నోరు తెరిచింది. ఏమీ అనకుండానే వెళ్ళిపోయింది.

పర్మిన్ ఆ మాట కోసం ఆగాడు. మధ్యాహ్నపు నమాజు పిలుపు మొదలై, ముగిసింది. చెప్పులు తొడుక్కుని, గేటు చప్పుడు కాకుండా చేరవేసి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

బల్ల మీద గ్లాసు నిండుగానే ఉంది. మూత లోపల ఆవిరి చుక్కలు కట్టి, ఒక్కొక్కటే టీలోకి రాలుతోంది.