పడమటి గాలి

2003 మే నెల. వడదెబ్బకు జనం చనిపోతున్నారని రోజూ రేడియోలో చెబుతున్నారు. చీమకుర్తికి పడమరగా, కొండ దిగువన ఉన్న వ్యవసాయ క్షేత్రంలో నసీమున్నీసా వాతావరణం కొలిచే ఉద్యోగి. రోజుకు రెండుసార్లు వేడి, తేమ, గాలి చూసి రిజిస్టరులో రాయడం ఆమె పని. పధ్నాలుగేళ్లుగా అదే చేస్తోంది.

ఆ మధ్యాహ్నం మామూలు థర్మామీటరుకూ, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరుకూ మధ్య ఇరవై డిగ్రీల తేడా కనిపించింది. ఆ తేడా ఎంత పెరిగితే గాలి అంత పొడి. ఇంత పొడి గాలిని ఆమె ఎన్నడూ నమోదు చేయలేదు. పడమటి గాలి ఈడ్చి కొడుతోంది. ఆ వైపే నల్లటి మబ్బు లేస్తోంది. ఇంత పొడిలో చినుకు మధ్యలోనే ఆవిరైపోతుంది, పిడుగు మాత్రం కిందికి వస్తుంది. కొండమీద నడుమెత్తు బోదగడ్డి ఎండి నిలబడి ఉంది.

ఆమె ఆఫీసరు గదికి వెళ్లింది. "సార్, ఇవాళ పిడుగు పడితే కొండ అంటుకుంటుందండి. కింది ఊళ్లకు కబురు పెడదాం."

"హెచ్చరికలిచ్చే వాళ్లు వేరే ఉన్నారమ్మా. మనం రాసి పంపిస్తాం, అంతే" అన్నాడాయన ఫైలు లోంచి తలెత్తకుండా.

పక్కింటి సుబ్బరావమ్మ పొద్దున్నే మేకల్ని కొండకు తోలుకెళ్లడం నసీమున్నీసా చూసింది. ఎవరికీ చెప్పకుండా గేటు దాటి, పత్తి కట్టె ఇంకా పీకని చేల మీదుగా కొండ వైపు నడిచింది.

సుబ్బరావమ్మ ఎప్పుడూ మేపే చోటు దొన్నెలాంటి లోయ. మూడు వైపులా కొండ, పడమర మాత్రమే దారి. ఆవిడ చెట్టు కింద చుట్ట కాలుస్తోంది.

"పిన్నీ, మేకల్ని తోలుకుని పద. పిడుగులు పడేట్టున్నాయి."

"పడనీ. నాలుగు చినుకులు రాలితే చల్లబడుద్ది గదా."

"చినుకు రాదు పిన్నీ, మంటొస్తుంది."

"నీ గాజు గొట్టాలు చెప్పినాయా?" అని ఆవిడ నవ్వింది.

ఆ నవ్వు ఆగకముందే కళ్లు మూసుకుపోయేంత వెలుగు, వెంటనే చెవులు పగిలే మోత. లోయ మొదట్లో తాటిచెట్టు భగ్గుమంది. ఒక్క చినుకు లేదు. గాలికి నిప్పురవ్వలు గడ్డిలో పడ్డాయి. చూస్తుండగానే దారికి అడ్డంగా మంట లేచి వాళ్ల వైపు తిరిగింది.

సుబ్బరావమ్మ చుట్ట పారేసి కొండ ఎక్కబోయింది. నసీమున్నీసా ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "ఎక్కొద్దు! మంట మనకంటే వేగంగా ఎక్కుద్ది. అగ్గిపెట్టె ఇటివ్వు."

"ఎందుకే?"

"ఇవ్వు పిన్నీ!"

మంటకు ఎదురుగా కాకుండా, తమ వెనక ఉన్న గడ్డికి ఆమె నిప్పు పెట్టింది. గాలికి రెండు పుల్లలు ఆరిపోయాయి. మూడోది అంటుకుంది. పడమటి గాలి ఆ నిప్పును పైకి తోసుకుపోయి, వెనక నల్లటి నేలను మిగిల్చింది.

"అయ్యో, నా మేకలే!" సుబ్బరావమ్మ కేక పెట్టింది. బెదిరిన మేకలు కొన్ని ఆ కొత్త మంట లోకే దూకాయి.

నసీమున్నీసా ఆవిణ్ణి కాలిన నేల మీదికి ఈడ్చి బోర్లా పడుకోబెట్టింది. అరికాళ్లు కాలుతున్నాయి. సుబ్బరావమ్మ తాగడానికి తెచ్చుకున్న సీసాలో నీళ్లతో పైటలు తడిపి ముక్కులకు కట్టుకున్నారు. రెండు పక్కలా మంట గర్జిస్తోంది. ఎటు చూసినా పొగే, ఊపిరి అందడం లేదు. లేవడానికి లేదు, కదలడానికి లేదు. తన లెక్క తప్పితే ఇద్దరూ ఇక్కడే. ఆమె కళ్లు మూసుకుని గాలి మోత వింటూ పడుకుంది.

పడమటి మంట కాలిన నేల అంచుకు వచ్చి, తినడానికేమీ లేక పక్కలకు చీలిపోయింది.

పొగ పలచబడ్డాక లేచి చూస్తే ఇరవైమూడు మేకల్లో, కాలిన నేల మీదికి చేరిన పదహారు మిగిలాయి. సుబ్బరావమ్మ వాటిని తోలుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి నడిచింది.

మర్నాడు ఆఫీసరు మెమో ఇచ్చాడు. డ్యూటీలో ఉండగా చెప్పకుండా వెళ్లినందుకు సంజాయిషీ ఇవ్వాలి. వాతావరణం గురించి బయటివాళ్లతో మాట్లాడకూడదు. కొండకు నిప్పు పెట్టింది నసీమున్నీసానేనని ఊళ్లోనూ గొణుగుతున్నారు. నసీమున్నీసా మెమో మీద సంతకం పెట్టి లోపల బల్ల దగ్గర కూర్చుంది. ఈ పని మానేసి వెళ్లడానికి ఇంకో చోటు లేదు.

నాలుగో రోజు పొద్దున సుబ్బరావమ్మ క్షేత్రం కంచె దగ్గరికి వచ్చింది. "ఇవాళ కొండకు కాలని వైపు తోలొచ్చా?" అని అడిగింది, మొహం పక్కకు పెట్టుకుని.

కిటికీలోంచి ఆఫీసరు చూస్తున్నాడు. గాలి దిక్కు చూపే బాణం ఇంకా పడమరకే తిరిగి ఉండడం చూసి, నసీమున్నీసా గొంతు పెంచింది.

"వద్దు పిన్నీ. కాలవ గట్టున మేపుకో. మేకలు తోలే రాఘవులమ్మ వాళ్లక్కూడా చెప్పు."